టవర్ మీద మనిషి ఉండగా తిరిగిన మోటారు

టవర్ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఇప్పుడు రెండు రోజులు శిక్షణ ఇస్తున్నారట. బెల్టు ఎలా కట్టుకోవాలో, హెల్మెట్ ఎలా బిగించుకోవాలో బొమ్మలు వేసి చూపిస్తారట. మంచిదే. మీరు టవర్ మీద వేలాడుతున్నప్పుడు, వంద కిలోమీటర్ల అవతల ఏసీ గదిలో కూర్చున్న మనిషి ఏం చేస్తుంటాడో మాత్రం ఆ బొమ్మల్లో ఉండదు. అది చెప్పడానికే కలం పట్టాను.

నేను సిద్దిపేటలో ముప్పై ఏళ్లు ఇలాంటి పనులే చేశాను. మొదట ఇళ్ల మీద టీవీ యాంటెన్నాలు పెట్టాను, తర్వాత కేబుల్ లాగాను, చివరికి గాలిలో ఇంటర్నెట్ పంపే ఒక కంపెనీలో సైట్ సూపర్‌వైజర్‌గా చేసి దిగిపోయాను. నా జీతం ఎప్పుడు పెరిగింది, ఎవరు శాలువా కప్పారు అన్న ముచ్చట్లు ఇందులో ఉండవు. శాలువా ఎవరూ కప్పలేదు కూడా. ఒక్క సంగతే రాస్తాను. అందులో నా తప్పు ఉంది. నాకంటే పెద్ద తప్పు చేసి నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నవాళ్లూ ఉన్నారు. కోపం చల్లారాక రాద్దామని ఇన్నేళ్లు ఆగాను. అది చల్లారలేదు, నాకు వయసు మాత్రం మీద పడింది. కాబట్టి కోపంతోనే రాస్తున్నాను.

చేత్తో తిప్పిన రోజులు

మా టవర్ బజారులో ఒక మూడంతస్తుల భవనం మీద ఉండేది. దాని మీద కొండపాక వైపు ఒక డిష్, అక్కన్నపేట వైపు ఒకటి, వేములఘాట్ వైపు ఒకటి. డిష్ అంటే టీవీ డిష్ లాంటిదే, కాకపోతే ఇది ఆకాశం వైపు కాకుండా ఊరి వైపు చూస్తుంది. ఇక్కడి డిష్షూ అక్కడి డిష్షూ ఎదురెదురుగా ఉంటేనే నెట్ నడుస్తుంది. గాలివానకు వేలెడు పక్కకు జరిగిందా, తెల్లవారేసరికి ఫోన్ల మీద ఫోన్లు.

టవర్ ఎక్కేది ఖాజా. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బయట మా అందరికంటే చక్కని తెలుగు. వాళ్ల నాన్న తాళాలు, గొడుగులు బాగుచేసే మనిషి. ఖాజాకు ఆ చేతి నేర్పే వచ్చింది. పైకి వెళ్లి నట్లు వదులుచేసి డిష్‌ను అరచేత్తో మెల్లగా నెట్టేవాడు. నేను కింద డాబా మీద ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సిగ్నల్ చూస్తూ అరిచేవాణ్ని.

"ఇంకొంచెం కొండపాక దిక్కు... ఇంకొంచెం... ఆగు, దాటిపోయింది. మళ్ల ఎనకకు రా."

"గట్ల చెప్పు నర్సన్నా. నువ్వు 'ఆగు' అన్నంక ఎంత దాటిందో గది గూడ చెప్పాలె," అని పైనుంచి నవ్వేవాడు.

ఇద్దరం ఒకరి గొంతు ఒకరు వింటూ చేసే పని అది. నా పేరు నర్సింలు. ఖాజా నాకంటే పదేళ్లు చిన్న. వరుస కలిపి పిలుచుకున్నట్టు అన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ని. ఏడేళ్లలో ఒక్కసారి కూడా అతని వంటి మీద గీత పడలేదు.

మోటారు వచ్చింది

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక బంద్‌లు, రాస్తారోకోలు రోజువారీ సంగతి అయ్యాయి. హైదరాబాదు నుంచి ఇంజనీరు రావాలంటే రోడ్డు దొరికేది కాదు. మాకు దాని మీద ఫిర్యాదేమీ లేదు. సాయంత్రం డ్యూటీ దిగాక నేనూ ఉద్యమ శిబిరంలో కూర్చున్నవాణ్నే. ఫిర్యాదంతా హైదరాబాదులో ఉన్న మా మేనేజరుకే. ఆయన దానికి ఒక ఉపాయం కనిపెట్టాడు. టవర్ మీద మోటారు బిగించి దానికి ఒక అదనపు డిష్ తగిలించారు. ఏ ఊరి లింకు పడిపోతే ఆ ఊరి వైపు, హైదరాబాదులో బటన్ నొక్కి, ఆ డిష్‌ను తిప్పుతారు.

"ఇక మీరెవరూ పైకి ఎక్కే పనే లేదు నర్సింలూ. అంతా ఇక్కడి నుంచే," అన్నాడు మేనేజరు ఫోన్‌లో.

మొదటి వారంలోనే బండారం బయటపడింది. బటన్ నొక్కేది కిరణ్ సార్ అనే ఇంజనీరు. చదువుకున్నవాడే, చెడ్డవాడని నేననను. కానీ టవర్‌ను ఎప్పుడూ దగ్గర నుంచి చూడలేదు. ఆయన డిష్‌ను ఒకే వైపు తిప్పుకుంటూ పోయాడు. తెర మీద డిగ్రీలు కనిపిస్తాయి గానీ తీగ కనిపించదు కదా. తీగంతా స్తంభానికి చుట్టుకుని పటుక్కున తెగింది. ఎక్కే పనే లేదన్న టవర్‌ను ఖాజా ఆ ఒక్క నెలలో అంతకుముందు ఆరు నెలల్లో ఎక్కినన్ని సార్లు ఎక్కాడు.

"సారుకు చెప్పన్నా, ఇది జాతరల తిరిగే రంగులరాట్నం కాదని," అన్నాడు తీగ విప్పుతూ.

ఆ తర్వాతే టవర్ మీద కెమెరా పెట్టారు. అది కూడా హైదరాబాదు నుంచే తిరుగుతుంది. తిప్పేముందు కెమెరాలో టవర్‌ను చూడాలి. తీగ సరిగా ఉందా, పక్షి గూడు కట్టిందా, అన్నింటికంటే ముందు, మనిషి ఉన్నాడా అని చూసి, ఆ తర్వాతే బటన్ నొక్కాలి. కాగితం మీద రాసి పంపిన నిబంధన ఇది. రాసింది కూడా వాళ్లే.

ఖాజా ఆ కాగితాన్ని నమ్మలేదు. అతనికి వేరే పద్ధతి ఉండేది. ఎక్కేముందు డాబా మీది డబ్బాలోంచి మోటారు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. పని అయ్యి దిగాక తనే పెట్టేవాడు.

"ఫ్యూజు నా జేబుల ఉన్నంక ఎంత పెద్ద సారైనా ఏం తిప్పుతడు?" అనేవాడు.

అంతకు మించిన రక్షణ నేను ఈనాటికీ ఏ శిక్షణలోనూ చూడలేదు. కానీ కరెంటు తీస్తే ఆ మోటారు లెక్క తప్పేది. డిష్ ఎటు చూస్తోందో దానికి గుర్తుండదు. మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టించాలి. కిరణ్ సార్‌కు దాంతోనే ఒక పూట గడిచిపోయేది. ఆయన మేనేజరుకు చెప్పాడు. మేనేజరు నాకు హుకుం జారీ చేశాడు. ఫ్యూజు తీయొద్దు, ఎక్కేముందు ఫోన్ చేస్తే చాలు అని. నేను సరే సార్ అన్నాను. పైవాళ్లు ఏం చెప్పినా సరే అనడం అప్పటికి నాకు ఊపిరంత అలవాటు అయిపోయింది.

కెమెరా చూపు ఎటు?

మా భవనం ముందు చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల శిబిరం నడిచేది. సమ్మె రోజుల్లో ఆ చౌరస్తాలోనే వంటలు వండుకుని తిన్నారు, డప్పులు కొట్టారు, రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. ఒకరోజు పొద్దున డాబా ఎక్కి చూస్తే టవర్ మీది కెమెరా టవర్‌కు వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తోంది. ఎవరో పొరపాటున తిప్పారనుకుని కిరణ్ సార్‌కు ఫోన్ చేశాను.

"సార్, కెమెరా రోడ్డు దిక్కు ఉంది. టవర్ దిక్కు తిప్పున్రి."

"మేనేజర్ గారు అలాగే ఉంచమన్నారు నర్సింలు గారూ. కింద ఎవరెవరు కూర్చుంటున్నారో ఎవరికో కావాలట."

"ఎవరికి సార్?"

"నాకేం తెలుసండీ. చూడమన్నారు, చూస్తున్నాను."

మేనేజరుకే చేశాను. "నీ పని టవర్ చూసుకోవడం," అన్నాడు.

"టవర్‌ను చూసుకునేదే ఆ కెమెరా సార్."

ఫోన్ పెట్టేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి ప్రాణం కాపాడడానికని పెట్టిన కంటిని తీసుకుపోయి, తమ రాష్ట్రం కోసం, తమ ఉద్యోగాల కోసం రోడ్డు మీద కూర్చున్నవాళ్ల మొహాలు లెక్కపెట్టడానికి పెట్టారు. అడిగినవాళ్లెవరో నాకు ఈ రోజుకీ తెలియదు. ఎవరైనా సరే, అడగడానికి వాళ్లకు సిగ్గు లేదు, ఇవ్వడానికి మా మేనేజరుకు సిగ్గు లేదు. కెమెరా తీగ అప్పుడే పీకేసి ఉండాల్సింది. చేతకాక కాదు, ఉద్యోగం పోతుందన్న భయంతో పీకలేదు. ఇంటికి పోయి ఇంట్లోవాళ్ల మీద అరిచాను.

ఆ మధ్యాహ్నం

ముందు రోజు కురిసిన వానకు అక్కన్నపేట డిష్ తీగ కొనలోకి నీళ్లు దిగాయి. దాన్ని మార్చాలి. ఖాజా నా పక్కనే నిలబడి, నేను వింటుండగా, హైదరాబాదుకు ఫోన్ చేశాడు.

"సార్, ఖాజాను మాట్లాడుతున్న. టవర్ ఎక్కుతున్న. నేను దిగి మళ్ల ఫోన్ చేసేదాక మోటారు ముట్టకున్రి."

"సరే, ఎక్కు," అన్నాడు కిరణ్ సార్. ఫోన్ స్పీకర్‌లో ఉంది. నా రెండు చెవులా విన్నాను.

అయినా ఖాజా ఫ్యూజు డబ్బా దగ్గరికి నడిచాడు. నేనే ఆపాను.

"వద్దు భాయ్. ఫోన్ చేసినం గద. మళ్ల వాళ్లతోని లొల్లి ఎందుకు?"

అతను నా వైపు ఒకసారి చూశాడు. డబ్బా మూత వేసి ఎక్కాడు. ఎవరి తప్పు ఎంత అని పంచేటప్పుడు నా వాటా ఇక్కడ రాసుకోండి.

కింద రోడ్డు మీద ముప్పై నలభై మంది యువకులు బైఠాయించి ఉన్నారు. ఎక్కువమంది కాలేజీ చదువులు ముగించి ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్నవాళ్లు. డప్పులు జోరుగా మోగుతున్నాయి. ఆ మోతలో మోటారు కదిలిన చప్పుడు నాకు గానీ ఖాజాకు గానీ వినపడలేదు. కొండపాకలో ఏదో కారణంగా లింకు పడిపోతే, కిరణ్ సార్ అదనపు డిష్‌ను అటు తిప్పడానికి బటన్ నొక్కాడు. ఆ క్షణంలో ఆయన ముందున్న తెర మీద టవర్ లేదు, శిబిరం ఉంది.

ఆ మోటారు చాలా నిదానంగా తిరుగుతుంది. వేగంగా తిరిగేదైతే చేతిని తోసేసి పోయేది. ఇది ఖాజా వెనక నుంచి మెల్లగా వచ్చి, టవర్ కాలును పట్టుకుని ఉన్న ఖాజా కుడిచేతిని డిష్ ఇనుప కడ్డీతో అదిమి, అదుముతూనే పోయింది. ఖాజా అరిచిన అరుపుకు కింద డప్పులు ఆగిపోయాయి. నేను పరుగెత్తి ఫ్యూజు పీకాను. మోటారు ఆగింది, చెయ్యి మాత్రం ఇనుముల మధ్యనే ఉండిపోయింది.

నేను బెల్టు కట్టుకునేలోపే రోడ్డు మీది యువకులు ఇద్దరు మెట్లన్నీ ఎక్కి డాబా మీదికి వచ్చేశారు. ఒకతను బెల్టు లేకుండానే టవర్ ఎక్కబోతే ఆపి నాది తగిలించాను. తాడు మాత్రం నడుముకు చుట్టుకుని నేను వెనకే ఎక్కాను. నేను మోటారు పళ్లచక్రాన్ని పానాతో వెనక్కి తిప్పుతుంటే అతను ఖాజాను నడుము దగ్గర పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాడు.

"కాక, నన్నే సూడు. చెయ్యి దిక్కు సూడకు. నన్నే సూడు."

తాడు మీద కిందికి దించాం. పొద్దుటి నుంచి ఎవరికీ దారి ఇవ్వని ఆ రోడ్డు మా ఆటోకు రెండుగా విడిపోయింది. దవాఖానలో వేళ్లు తీసేయలేదు. కానీ కుడిచేతి మూడు వేళ్లు ఆ రోజు నుంచి వంగవు. పానా పట్టుకోలేని చేత్తో టవర్ పని లేదు.

రికార్డింగ్

మూడో రోజు హైదరాబాదు నుంచి రిపోర్టు వచ్చింది. ప్రమాదానికి కారణం అన్న చోట ఒక్క వాక్యం ఉంది. సిబ్బంది ఖాజా ముందస్తు సమాచారం ఇవ్వకుండా టవర్ ఎక్కడం. కింద సూపర్‌వైజర్ సంతకం పెట్టాలి.

మేనేజరుకు ఫోన్ చేసి గొంతు చించుకున్నాను. "చెప్పే ఎక్కిండు సార్. నేను పక్కన్నే ఉన్న."

"ఫోన్ వచ్చింది, కానీ ఎక్కుతున్నానని చెప్పలేదంటున్నాడు కిరణ్."

"అబద్ధం. ఆ టైముల కెమెరా ఎటు ఉందో రికార్డింగ్ చూడున్రి, అన్నీ తెలుస్తయి."

హైదరాబాదుకు పోయే బొమ్మ మసకగా ఉండేది. స్పష్టమైన రికార్డింగ్ మా భవనంలో మెట్ల కింది గదిలో ఒక పెట్టెలో ఉండేది. మేనేజరు గొంతు తగ్గించాడు. తర్వాత ఎంతో మెత్తగా అన్నాడు.

"మంచిది. శనివారం మనిషి వస్తాడు, పెట్టె ఇచ్చి పంపించు. విచారణ పెట్టిద్దాం. విచారణకని ఇచ్చింది ఎవరెవరి చేతుల్లోకి పోతుందో మాత్రం నేను చెప్పలేను. అందులో రోడ్డు మీద కూర్చున్న కుర్రాళ్లంతా ఉంటారు కదా. లేదంటే సంతకం పెట్టెయ్, పాత రికార్డింగులు నాకెందుకు?"

ఇంత నీతిమాలిన బేరం నా సర్వీసులో వినలేదు. తాము చేసిన నేరాన్ని దాచడానికి, తాము దొంగచాటుగా చూసిన మనుషులనే అడ్డం పెట్టుకున్నారు.

ఆ సాయంత్రమే ఆ పెట్టె ముందు కూర్చుని చూశాను. గంటసేపు కెమెరా రోడ్డు మీదే ఉంది. ఒక మొహం దగ్గర ఆగుతుంది, దగ్గరికి జరుగుతుంది, ఇంకో మొహానికి పోతుంది. చాలామంది తలలు వంచుకుని కూర్చున్నారు, కొందరు తువ్వాళ్లు కప్పుకున్నారు. వాళ్లను ఎవరూ సరిగా పోల్చుకోలేరు. అంతలో మోటారు కదిలిన అదురుకు బొమ్మ వణికింది. రెండు మూడు నిమిషాలు ఏమీ లేదు. ఆ తర్వాత రోడ్డు మీద ఉన్న ప్రతి ఒక్కరూ ఒకేసారి తల పైకెత్తారు. ఖాజా అరుపు విన్న క్షణం అది. తువ్వాళ్లు జారిపోయాయి. అందరూ సూటిగా కెమెరాలోకే చూస్తున్నారు. పాస్‌పోర్టు ఫొటో కూడా అంత స్పష్టంగా రాదు.

తప్పు ఖాజాది కాదు, టవర్‌ను చూడకుండా మోటారు తిప్పినవాళ్లది అని చెప్పే సాక్ష్యం అదొక్కటే. అతని కోసం తలెత్తినందుకే ఆ మొహాలు అందులో పడ్డాయి.

దవాఖానకు పోయి ఖాజాకు ఉన్నదున్నట్టు చెప్పాను. కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని విన్నాడు.

"చెయ్యి సంగతి కాదన్నా. చెప్పకుండ ఎక్కిండు అని రాసిన్రు చూడు, గది మంట పెడుతుంది. గా మాట ఉన్నంక నన్నెవడు పనిల పెట్టుకుంటడు?"

"అందుకే పెట్టె ఇద్దాం భాయ్. రోడ్డు మీద కూసున్నోళ్ల సంగతి వాళ్లు చూసుకుంటరు."

"వాళ్లల్ల ఒకడు నన్ను పట్టుకోని కిందికి దించిండు. పేరు గూడ అడగలే. ఉద్యోగాల కోసం కొట్లాడుతున్నరు. కేసు పడితే ఆ ఉద్యోగమే రాదు. తుడిచెయ్."

"ఒక కాపీ నా దగ్గర దాచిపెడత."

"వద్దన్నా. ఏదో ఒకనాడు ఎవడో పెద్ద సారు అడుగుతడు. నువ్వు సరే సార్ అంటవు."

ఆ మాటలో చిరాకు లేదు, ఉన్న సంగతి చెప్పాడు అంతే. ఆ రాత్రి పెట్టె మొత్తం తుడిచేశాను.

సంతకం

పెట్టెలో ఏమీ లేకుండా చేసినవాణ్ని, రిపోర్టు మీద సంతకం పెట్టకుండా ఉండవచ్చు కదా అని మీరు అడగాలి. అడగండి. రికార్డింగ్ లేదని తెలిస్తే నా మీద విచారణ వస్తుందని, ఎందుకు తుడిచావంటే ఏం చెప్పాలని, భయపడి సంతకం పెట్టాను. ఖాజా తుడిచెయ్ అన్నాడు గానీ సంతకం పెట్టు అనలేదు. తుడవడం అతని గొప్పతనం. సంతకం నా పిరికితనం. ఈ రెండింటినీ కలిపేసి, అంతా ఉద్యమం కోసమే చేశానని చెప్పుకుంటూ నేను చాలా ఏళ్లు తిరిగాను.

కంపెనీ ఖాజాను తీసేసింది. ఆ రిపోర్టు చూసి మరో కంపెనీ ఏదీ పెట్టుకోలేదు. నిబంధనలు పాటించని మనిషి అన్నారు. అందరికంటే జాగ్రత్తగా ఎక్కిన మనిషిని అన్నారు ఆ మాట. కిరణ్ సార్ ఇంకో పెద్ద కంపెనీకి పోయాడు. మేనేజరు ఆ మోటారు ఏర్పాటు గురించి సభల్లో మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాడు.

రాష్ట్రం వచ్చింది. సంబరాల్లో నేనూ గులాలు చల్లుకున్నాను. ఆ రోజు ఖాజాను నడుము పట్టుకున్న అబ్బాయి ఇప్పుడు ఒక సర్కారు బడిలో సార్. బజారులో ఎదురైతే నమస్కారం పెడతాడు. తన మొహం ఒక పెట్టెలో ఉండిందని అతనికి తెలియదు, నేనూ చెప్పలేదు. ఖాజా ఒక సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చుంటాడు, ఎడమచేత్తో రాస్తాడు.

రిటైరయ్యే ముందు ఒకసారి ధైర్యం చేసి హైదరాబాదులో మేనేజరు గదికి వెళ్లి, పాత రిపోర్టులో ఆ వాక్యం మార్చమని అడిగాను.

"ఆధారం ఉందా?" అన్నాడు.

"నేనున్న సార్. నేను విన్న."

ఆయన ఫైలు తెప్పించి, ఆ కాగితం తీసి, కిందనున్న నా సంతకం మీద వేలు పెట్టి చూపించాడు. నేను బయటికి వచ్చేశాను.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. యంత్రం ఎంత దూరం నుంచి తిరిగినా దాని దగ్గర ఉండేది మనిషే. ఆ మనిషి గురించి మీకు తెలిసిన నిజాన్ని మార్చి రాసిన కాగితం ఎవరు ముందు పెట్టినా, ఎంత మెత్తగా మాట్లాడినా, సంతకం పెట్టకండి. ఆ తర్వాత మీరు ఎంత అరిచినా మీ మాటకంటే మీ సంతకానికే విలువ ఎక్కువ.

ఖాజా ఆ రోజు ఫోన్ చేసి, అనుమతి తీసుకుని, నా కళ్ల ముందే ఎక్కాడు. ఫైలులో ఉన్నది అబద్ధం. కింద ఉన్న సంతకం నాది.